మీ ప్రశ్న, నా జవాబు: చదువుకుంటే పేదరికం పోతుందా?

పోయిన నెల ఒకరు విదేశీ సాయం గురించి అడిగితే నాలుగు వాక్యాలు రాసి వదిలేశాను. అది చాలలేదని, విడమరిచి చెప్పమని చాలామంది ఉత్తరాలు రాశారు, ఫోన్లు కూడా చేశారు. మీరన్నది నిజమే, తొందరపడ్డాను. అందుకని ఈ నెల ఈ శీర్షికంతా అభివృద్ధి, చదువు, పేదరికం గురించే.

ప్రశ్న: మా అబ్బాయి బీఏ ఎకనామిక్స్ పూర్తి చేశాడు. ఇంగ్లండ్ వెళ్లి "ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్" అనే ఎంఏ చేస్తానంటున్నాడు. చుట్టాలందరూ అదేం కోర్సు, దాంతో ఏం ఉద్యోగం వస్తుందని అడుగుతుంటే నాకు చెప్పడం రావడం లేదు. అసలు ఆ మాటకు అర్థమేమిటి మేడమ్?
— ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు మాట సంగతి, తర్వాత ఉద్యోగం సంగతి.

మన ఊళ్లలో డెవలప్‌మెంట్ అనగానే సీసీ రోడ్డో, కొత్త వెంచరో గుర్తొస్తుంది. దేశాల విషయంలోనూ చాలాకాలం అలాగే అనుకున్నారు. 1949 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ప్రమాణ స్వీకారం చేస్తూ, ప్రపంచంలో కొన్ని ప్రాంతాలు వెనకబడి ఉన్నాయి, మా సైన్సు, మా పరిశ్రమల అనుభవం వాళ్లకూ అందాలి అన్నాడు. అప్పట్నుంచి వెనకబడిన దేశం, ముందుకెళ్లిన దేశం అనే మాటలు స్థిరపడిపోయాయి. డ్యాములు కట్టారా, ఫ్యాక్టరీలు పెట్టారా, దేశం మొత్తం ఆదాయం ఎంత పెరిగింది, ఇవే లెక్కలు. కాన్పుకి వెళ్లిన ఆడమనిషి బిడ్డతో క్షేమంగా ఇంటికి తిరిగొచ్చిందా అన్న ప్రశ్నకు ఆ లెక్కల్లో చోటు లేదు.

ఆ లెక్క మార్చడంలో ముందున్నది మన ఉపఖండం మనుషులే. పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబుల్ హక్, మన అమర్త్య సేన్, ఇద్దరూ కేంబ్రిడ్జిలో కలిసి చదువుకున్న స్నేహితులు. హక్ పూనుకుని 1990లో ఐక్యరాజ్యసమితి తరఫున మొదటి మానవాభివృద్ధి నివేదిక తెచ్చాడు. మనిషి ఎన్నేళ్లు బతుకుతున్నాడు, ఎంత చదువుకున్నాడు, ఎంత ఆదాయంతో బతుకుతున్నాడు, ఈ మూడూ కలిపి చూస్తేనే దేశం ఎక్కడుందో తెలుస్తుందన్నది అందులోని అసలు సంగతి. సేన్ ఇంకాస్త లోతుకి వెళ్లాడు. తనకు విలువైనదని తోచిన బతుకు బతకగలిగే శక్తి, స్వేచ్ఛ మనిషికి పెరగడమే అభివృద్ధి అన్నాడు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నాకు ఇంతకంటే మంచి అర్థం దొరకలేదు.

ఇక "అంతర్జాతీయ" అనడం ఎందుకంటే, ఒక దేశం పేదగా ఉండటానికి కారణాలన్నీ ఆ దేశంలోనే ఉండవు కాబట్టి. వలస పాలన చేసిన నష్టం ఉంటుంది, పాత అప్పులు ఉంటాయి, వాళ్లు పండించిన కాఫీకో పత్తికో ధర ఇంకెక్కడో తేలుతుంది. కాబట్టి పరిష్కారం కూడా దేశాలన్నీ కలిసి వెతకాలి. 2000లో ఐక్యరాజ్యసమితి 8 లక్ష్యాలు పెట్టుకుంది, 2015లో వాటి స్థానంలో 17 లక్ష్యాలు వచ్చాయి, గడువు 2030. అందులో నాలుగోది చదువు. ధనిక దేశాలు తమ జాతీయ ఆదాయంలో 0.7 శాతం సాయంగా ఇవ్వాలని 1970లోనే అనుకున్నారు, ఇప్పటికీ ఆ మాట నిలబెట్టుకున్న దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే.

ఉద్యోగం సంగతి మాత్రం దాచకుండా చెప్పాలి. పరిస్థితి బాగాలేదు. అమెరికా తన సాయం సంస్థ యూఎస్ఎయిడ్‌ను 2025 జూలై 1తో మూసేసి, మిగిలిన పనులు విదేశాంగ శాఖకు అప్పగించింది. బ్రిటన్ కూడా తన సాయాన్ని జాతీయ ఆదాయంలో 0.5 శాతం నుంచి 2027కల్లా 0.3 శాతానికి తగ్గిస్తామని ప్రకటించింది. అనుభవం ఉన్నవాళ్లే ఉద్యోగాలు పోయి వెతుక్కుంటున్నారు. ఇలాంటప్పుడు ఇల్లు తాకట్టు పెట్టి పంపమని నేను చెప్పలేను. ఈ చదువు మన దగ్గరా ఉంది, బెంగళూరులో అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం డెవలప్‌మెంట్‌లో ఎంఏ నడుపుతోంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఉంది, పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది, మెట్టపంటల మీద అక్కడ జరిగే పరిశోధన ఆఫ్రికా రైతుల దాకా వెళ్తుంది. అబ్బాయిని ముందు రెండేళ్లు ఏదైనా మంచి సంస్థలో చేరి పల్లెల్లో తిరగమనండి. తర్వాత కూడా మనసు అటే ఉంటే అప్పుడు స్కాలర్‌షిప్ కోసం ప్రయత్నిస్తే, చెప్పుకోవడానికి చేతిలో పని ఉంటుంది.

ప్రశ్న: చదువుకుంటే పేదరికం పోతుందని బడిలో వెయ్యిసార్లు చెప్పారు. మా ఊళ్లో బీటెక్ చదివినవాళ్లు ఐదుగురు ఖాళీగా ఉన్నారు. పది ఫెయిలై దుబాయ్ వెళ్లి టైల్స్ పని చేసినవాడు డాబా కట్టాడు. ఇంకెందుకు మేడమ్ ఈ చదువు?
— డిగ్రీ విద్యార్థి, జగిత్యాల

జవాబు: తమ్ముడూ, నీ కోపం న్యాయమైనదే. నీకు చెప్పినవాళ్లు సగం చెప్పి వదిలేశారు. మిగతా సగం నేను చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు.

ముందు ఇండోనేషియా సంగతి. 1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగి ఆ దేశానికి డబ్బొచ్చింది. ఆ డబ్బుతో ఆరేళ్లలో 61,000కి పైగా ప్రాథమిక బడులు కట్టారు, అదీ ముందుగా పిల్లలు బడి బయట ఎక్కువగా ఉన్నచోట. చాలా ఏళ్ల తర్వాత ఎస్తేర్ డఫ్లో అనే ఆర్థికవేత్త (2019లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకరు) ఆ పిల్లలు పెద్దయ్యాక ఏమయ్యారో లెక్క తీసింది. బడులు ఎక్కువగా కట్టిన ప్రాంతాల్లో అబ్బాయిలు ఎక్కువ ఏళ్లు చదివారు, పెద్దయ్యాక వాళ్ల జీతాలూ పెరిగాయి. అంటే ఊళ్లో బడి ఉండటం వల్ల సంపాదన పెరుగుతుందన్నది ఊరికే చెప్పే మాట కాదు. ప్రపంచం మొత్తం మీద చూసినా ఒక్కో ఏడాది చదువుకు సంపాదన సగటున 9, 10 శాతం దాకా పెరుగుతున్నట్టు ఆర్థికవేత్తలు లెక్కగట్టారు.

సగటున అన్నాను, గమనించు. నీ ఊళ్లో ఐదుగురి బాధ ఆ సగటులో కనపడదు.

అసలు చిక్కు రెండుచోట్ల ఉంది. బడికి వెళ్లడం వేరు, చదువు రావడం వేరు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి ఊరూరా తిరిగి పిల్లల చేత చదివించి, లెక్కలు చేయించి అసర్ నివేదికలు ఇస్తోంది. 2024 నివేదిక ప్రకారం మన దేశంలో పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం తడుముకోకుండా చదవగలిగినవాళ్లు సగానికి కాస్త తక్కువే. ఐదేళ్లు బడికి వెళ్లి కూడా! పునాది లేకుండా పై తరగతులకు తోసుకుంటూ పోతే, చివరికి చేతిలో సర్టిఫికెట్ ఉంటుంది గానీ పని ఇచ్చేవాడు అడిగిన ప్రశ్నకు జవాబు ఉండదు. ఆ ఐదుగురిని నేనేమీ అనడం లేదు, ఫ్యాకల్టీ లేని, ల్యాబ్ తెరవని కాలేజీలకు పర్మిషన్లు ఇచ్చినవాళ్లదీ, ఫీజులు గుంజుకున్నవాళ్లదీ ఆ తప్పు.

రెండోది పని. చదివినవాళ్లకు పని ఉండాలి కదా. బంగ్లాదేశ్‌లో 1994 నుంచి పల్లెల్లో ఆడపిల్లలకు హైస్కూల్లో స్టైపెండ్ ఇచ్చారు. షరతులు మూడు: 75 శాతం హాజరు ఉండాలి, పరీక్షల్లో 45 శాతం మార్కులు రావాలి, పద్దెనిమిదేళ్లు నిండేదాకా పెళ్లి కాకూడదు. అదే కాలంలో ఢాకా చుట్టుపక్కల గార్మెంట్ ఫ్యాక్టరీలు పెరిగాయి. కొలతలు చదవడం, లెక్క పెట్టడం వచ్చిన అమ్మాయికి అక్కడ పని దొరికేది. ఆ సంగతి ఊళ్లో తల్లిదండ్రులు కళ్లారా చూశారు కాబట్టి చిన్న కూతుర్ని కూడా బడి మానిపించలేదు, తొందరపడి పెళ్లి చేయలేదు. చదువు వల్ల పని దొరికింది, ఆ పనిని చూసి చదువు పెరిగింది. ఆ ఫ్యాక్టరీల్లో బతుకులు బాగున్నాయని నేను అనను, 2013లో రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయారు, అది మర్చిపోయి లెక్కలు చెప్పడం పాపం. కానీ ఒకటి లేకుండా రెండోది నిలబడదని చెప్పడానికి ఈ ఉదాహరణ తీసుకున్నాను.

దుబాయ్ వెళ్లినవాడి డాబా సంగతి కూడా చెప్పాలి. అతను కష్టపడ్డాడు, కట్టుకున్నాడు, సంతోషం. అయితే అదే జగిత్యాల నుంచి ఏజెంటుకి లక్షలు కట్టి, తెలియని భాషలో ఉన్న అగ్రిమెంట్ కాగితం మీద సంతకం పెట్టి, అక్కడ చెప్పిన పని కాక ఇంకో పనిలో ఇరుక్కున్నవాళ్లు కూడా నీకు తెలిసే ఉంటారు. వాళ్లు డాబాలు కట్టలేదు కాబట్టి ఎవరి కంటికీ ఆనరు. నువ్వు డిగ్రీ మానకు. దాంతోపాటు చేత్తో చేసే పని ఒకటి నేర్చుకో, వైరింగో, ఏసీ రిపేరో, ఏదైనా. ఇందులో చిన్నతనమేమీ లేదు.

ప్రశ్న: సర్కారు బడి ఫ్రీ, పుస్తకాలు ఫ్రీ, అన్నం ఫ్రీ. అయినా కొందరు పిల్లల్ని పంపరు. పంపనివాళ్లకు మనమేం చేయగలం? వాళ్ల ఖర్మ.
— ఒక రిటైర్డ్ ఉద్యోగి, హనుమకొండ

జవాబు: అయ్యా, ఖర్మ అనకండి. ఆ మాటకు జవాబుగా నాకు తెలిసిన ఇద్దరు అక్కచెల్లెళ్ల గురించి చెప్తాను, పేర్లు వద్దు.

1990ల చివర్లో నేను కర్నూలు వైపు ఒక ఊళ్లో పనిచేసేదాన్ని. ఆరో తరగతిలో ఒక పిల్ల చురుగ్గా ఉండేది, ఆగస్టులో రావడం మానేసింది. ఇంటికి వెళ్తే తల్లి గడపలో కూర్చుని కందులు చెరుగుతోంది. "సీడు పత్తికి పోతోంది టీచరమ్మా, అడ్వాన్సు తీసుకున్నాం" అంది, తలెత్తకుండా. తెల్లారి చేనికి వెళ్లాను. సీడు పత్తి అంటే విత్తనాల కోసం వేసే పత్తి. అందులో క్రాసింగ్ పని, అంటే ఒక రకం పువ్వు పుప్పొడిని ఇంకో రకానికి అంటించే పని, ఎలా ఉంటుందంటే, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రమే పట్టుకుని, పైరేకులు వలిచి, లోపలి కేసరాలు గోటితో గిల్లేస్తారు. పొద్దున్నే మగపువ్వు తెచ్చి ఆ మొగ్గ మీద పుప్పొడి రాసి, గుర్తుకు దారం కడతారు. ఇలా రోజుకు వందల మొగ్గలు, మూడు నెలలకు పైనే. మొక్క ఎత్తు ఆ పిల్లల నడుము దాకానో, ఛాతీ దాకానో ఉంటుంది కాబట్టి వంగకుండా పని జరుగుతుందని, కూలి తక్కువని ఆడపిల్లల్నే పెట్టుకునేవాళ్లు. నన్ను చూసి ఆ పిల్ల చేతులు వెనక్కి దాచుకుంది. గోళ్ల సందుల్లో పచ్చటి పుప్పొడి ఇరుక్కుపోయి ఉంది. మందు కొట్టి రెండ్రోజులు కూడా కాలేదు, ఆ వాసనకు నాకే తల తిరిగింది.

బడి ఫ్రీయే. కానీ ఆ ఇంటికి బడి ఖరీదు ఆ మూడు నెలల కూలి. పైగా తీసుకున్న అడ్వాన్సు అప్పటికే తండ్రి ఆస్పత్రి ఖర్చులకు అయిపోయింది. నేను ఎన్నిసార్లు తిరిగినా ఆ పిల్ల మళ్లీ బడికి రాలేదు.

చెల్లెలు మాత్రం చదివింది. ఎందుకంటే ఆ పిల్ల వయసొచ్చేసరికి సాంఘిక సంక్షేమ హాస్టల్లో సీటు దొరికింది. తిండి, బట్ట, పడక అక్కడే, చేను దూరం. ఇంటర్ అయ్యాక నర్సింగ్ ట్రైనింగ్ చేసి ఏఎన్ఎంగా చేరింది. అక్క పిల్లల ఫీజులు ఇప్పుడు ఆమే కడుతోంది. ఒకే తల్లిదండ్రులు, ఒకే గుడిసె. ఖర్మ అయితే ఇద్దరికీ ఒకటే ఉండాలి కదా అయ్యా?

ఈ సంగతిని మనందరికంటే ముందు గట్టిగా చెప్పింది శాంతా సిన్హా గారు. ఎంవీ ఫౌండేషన్ తరఫున రంగారెడ్డి జిల్లా పల్లెల్లో 1990ల మొదట్లో పని మొదలుపెట్టి, పేదవాళ్లు పిల్లల్ని చదివించడానికి ఇష్టపడరన్న మాటే అబద్ధమని వేల కుటుంబాల్లో చూపించారు. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే, పొలంలో ఉన్నా ఇంట్లో ఉన్నా తేడా లేదు, ఇదీ వాళ్ల లెక్క. పనిలోంచి తీసుకొచ్చిన పదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుపడి పారిపోతుంది కాబట్టి, ముందు బ్రిడ్జి క్యాంపుల్లో ఉంచి చదివించి వయసుకు తగ్గ తరగతిలో చేర్చేవాళ్లు. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది.

అడ్డం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. కొన్నిచోట్ల ఆకలి, అందుకే 2001 నవంబరులో సుప్రీంకోర్టు బడిలో వండిన అన్నం పెట్టాల్సిందేనంది. కొన్నిచోట్ల దూరం. బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లకు డబ్బిస్తే హైస్కూల్లో చేరే అమ్మాయిల సంఖ్య దాదాపు మూడో వంతు పెరిగింది. ఆడపిల్లలకు సరైన బాత్రూమ్ లేకపోవడం కూడా అడ్డమే, దాని గురించి మాట్లాడటానికి మనం ఇంకా మొహమాటపడతాం. మీ కాలనీ పక్కన ఏదో ఒక ఇంట్లో బడి మానేసిన పిల్ల ఉండే ఉంటుంది, ఎందుకు మానేసిందో ఒకసారి కూర్చుని అడగండి.

ప్రశ్న: పిల్లల్ని బడికి పంపితే తల్లి ఖాతాలో డబ్బులు వేయడం మన దగ్గరే మొదలైందా? దానివల్ల లాభం ఉందా?
— గృహిణి, అనకాపల్లి

జవాబు: మన దగ్గర కాదమ్మా. మెక్సికోలో 1997లో, బ్రెజిల్‌లో 2003లో ఇలాంటి పథకాలు పెద్ద ఎత్తున వచ్చాయి. మెక్సికోలో హైస్కూల్ ఆడపిల్లలకు మగపిల్లల కంటే కాస్త ఎక్కువ ఇచ్చేవాళ్లు, ఆ వయసులోనే వాళ్లు ఎక్కువగా మానేస్తారని. మన ఆంధ్రప్రదేశ్‌లో 2020లో అమ్మ ఒడి, 2025లో తల్లికి వందనం ఆ దారిలోవే. డబ్బు ఇస్తే పిల్లలు బడికి వస్తారు, అందులో సందేహం లేదు. వచ్చాక పాఠం వస్తుందా అన్నది మాత్రం డబ్బు చేతిలో లేదు, టీచరు చేతిలో ఉంది. రెండూ చూడాలి.

ప్రశ్న: అప్పు చేసైనా ఇంగ్లీష్ మీడియం ప్రైవేటు స్కూల్లో వేద్దామని మా ఆయన, సర్కారు బడి చాలని నేను. పేదవాళ్లకు ఏది మంచిది?
— టైలర్, నల్గొండ

జవాబు: మీ ఇంటి గొడవలో దూరను గానీ, తెలిసిన రెండు సంగతులు చెప్తాను.

కెన్యా పల్లెల్లో 1990ల్లో బడులకు పాఠ్యపుస్తకాలు ఉచితంగా పంచారు. మార్కులు పెరుగుతాయని అందరూ అనుకున్నారు. పరిశోధకులు పరీక్షలు పెట్టి చూస్తే, అంతకుముందే బాగా చదివే పిల్లలు తప్ప మిగతావాళ్లు ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు. కారణం వెతికితే పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, ఆ పిల్లల్లో చాలామందికి ఇంగ్లీషు మూడో భాష. చేతిలో పుస్తకం ఉంది, చదివితే అర్థం కాదు.

రెండోది మన దగ్గరిదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల్లో లాటరీ తీసి కొందరు పేద పిల్లలకు ఫీజు కట్టి ప్రైవేటు బడుల్లో చేర్పించి నాలుగేళ్లు గమనించారు, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తల అధ్యయనం ఇది. ప్రైవేటుకి వెళ్లిన పిల్లలకు తెలుగు, లెక్కల్లో సర్కారు బడి పిల్లల కంటే ఎక్కువేమీ రాలేదు. హిందీ మాత్రం బాగా వచ్చింది, సర్కారు బడిలో చిన్న తరగతులకు హిందీ లేదు కాబట్టి. అయితే ప్రైవేటు బడి ఒక్కో పిల్లాడి మీద పెట్టే ఖర్చు సర్కారు ఖర్చులో మూడో వంతు కూడా లేదు, అది కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి.

ఇంగ్లీషు రావాలి, అందులో మీ ఆయన మాట కరెక్టే. కానీ అర్థమయ్యే భాషలో చదవడం, లెక్కలు ముందు రావాలి. ఏ బడి అయినా సరే, వారానికోసారి పిల్ల చేత ఒక పేజీ గట్టిగా చదివించుకుని, ఏం అర్థమైందో అడగండి. మూడో తరగతికి వచ్చినా అది రాకపోతే బడి మార్చడమో, టీచర్ని గట్టిగా అడగడమో చేయండి. అప్పు మాత్రం చేయకండి.

ప్రశ్న: మా అత్తయ్యకు యాభై నాలుగు. ఇప్పుడు చదువు నేర్చుకుంటానంటోంది. ఈ వయసులో నేర్చుకుంటే ఏమొస్తుందని ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. నాకేమో నేర్పించాలని ఉంది.
— కోడలు, కావలి

జవాబు: నవ్వేవాళ్లకు మీ జిల్లా కథే చెప్పమ్మా. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం జరిగింది. రాత్రిపూట లాంతర్ల వెలుతురులో కూలికెళ్లొచ్చిన ఆడవాళ్లు కూర్చుని చదివేవాళ్లు. ఆ పాఠాల్లో సారా తాగే మొగుళ్ల వల్ల ఇళ్లు ఎలా గుల్లవుతున్నాయో ఉంది. చదివి ఊరుకోలేదు వాళ్లు, ఇది మన ఇంటి సంగతే కదా అని మాట్లాడుకున్నారు. దూబగుంట అనే ఊళ్లో రోశమ్మ, మిగతా ఆడవాళ్లు కలిసి సారా దుకాణం మూయించారు. అది జిల్లా అంతా పాకింది, సారా వేలం పాటలు జరగనివ్వలేదు, చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించక తప్పలేదు. సారాకి పోయే రూపాయిని దాచుకుందామని అక్కడే పొదుపు సంఘాలు పుట్టాయి. వాళ్లలో ఎవరూ ఆ చదువుతో ఉద్యోగం తెచ్చుకోలేదు. అయినా పేదరికం మీద అంత దెబ్బ కొట్టిన చదువు నేను ఇంకోటి చూడలేదు.

కెన్యాలో 2003లో ప్రాథమిక చదువు ఉచితం చేయగానే మరుసటి ఏడాది మరూగే అనే ఎనభై నాలుగేళ్ల తాత యూనిఫాం కుట్టించుకుని ఒకటో తరగతిలో చేరాడు. మీ అత్తయ్య ఆయనకంటే ముప్పై ఏళ్లు చిన్న.

అఆలతో మొదలుపెట్టకమ్మా. ఆమె పేరు, నీ పేరు, మనవడి పేరు, బస్సు బోర్డు మీద కావలి, నెల్లూరు, పొదుపు పుస్తకంలో అంకెలు, వీటితో మొదలుపెట్టు. రోజుకి ఇరవై నిమిషాలు చాలు, వంట అయ్యాక, టీవీ ఆపేసి. అన్నిటికంటే ముందు కళ్ల డాక్టరుకి చూపించి అద్దాలు ఇప్పించు. ఆ వయసువాళ్లు నాకు బుర్రకెక్కడం లేదని మధ్యలో వదిలేయడం చాలా చూశాను, తీరా చూస్తే అది చత్వారం.